తల్లికి ఒకప్పుడు థైరాయిడ్ ఎక్కువై ఉంటే: కడుపులో బిడ్డనీ, పుట్టిన బిడ్డనీ ఎలా కనిపెట్టుకోవాలి

"థైరాయిడ్ ఉందా అమ్మా?"

"ఉందండీ. టాబ్లెట్ వేసుకుంటున్నాను. మొన్న చూపిస్తే నార్మలే వచ్చింది."

మన దగ్గర గర్భిణికీ డాక్టరుకీ మధ్య థైరాయిడ్ గురించి జరిగే సంభాషణ చాలాసార్లు ఇంతే. మా చెల్లెలి విషయంలోనూ ఇంతే జరిగింది. అది చెప్పినదాంట్లో అబద్ధం లేదు, కానీ అసలు విషయమూ లేదు. ఇరవై రెండేళ్లప్పుడు దానికి థైరాయిడ్ ఎక్కువైంది. చేతులు వణికేవి, గుండె దడ, కళ్లు కాస్త ముందుకొచ్చాయి. ఏడాదిన్నర మాత్రలు వాడినా లొంగకపోతే రేడియో అయోడిన్ ఇచ్చారు. దాంతో గ్రంథి పని ఆగిపోయింది, ఇక అప్పటి నుంచి రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర, అంటే గ్రంథి ఇవ్వాల్సిన హార్మోనే మాత్రగా. అయిదేళ్లు ఆ మాత్ర వేసుకునేసరికి అది తనకి "హైపో" (థైరాయిడ్ తక్కువ) అనే అనుకుంది. మేమూ అదే అనుకున్నాం. కార్డు మీద కూడా అదే రాశారు.

పాప పుట్టిన రోజే కళ్లు ఇంతలేసి చేసుకుని చూస్తుంటే, "ఎంత చురుకో చూడండి" అని మురిసిపోయాం. ఆరో రోజుకి అర్థమైంది, అది చురుకు కాదని. పుట్టుకతోనే పాపకి థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోంది.

ఇలాంటిది ఎలా జరుగుతుందో ముందు తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ తేలిగ్గా బుర్రకెక్కుతాయి. థైరాయిడ్ ఎక్కువ కావడానికి ఎక్కువమందిలో కారణం గ్రేవ్స్ జబ్బు. 1835లో దీన్ని వర్ణించిన ఐర్లండ్ డాక్టర్ రాబర్ట్ గ్రేవ్స్ పేరే దానికి ఉండిపోయింది. ఈ జబ్బులో మన ఒంట్లోనే ఒక యాంటీబాడీ తయారై, థైరాయిడ్ గ్రంథిని పట్టుకుని, ఆపకుండా పని చేయిస్తుంది. రేడియో అయోడిన్‌తో గ్రంథిని మాడ్చినా, ఆపరేషన్ చేసి తీసేసినా, ఆ యాంటీబాడీ రక్తంలో చాలాకాలం తిరుగుతూనే ఉండొచ్చు. తల్లికి గ్రంథి లేదు కాబట్టి తల్లికి ఏమీ తెలియదు. కానీ యాంటీబాడీ మాయ దాటి బిడ్డలోకి వెళ్తుంది. బిడ్డకి గ్రంథి ఉంది.

భయపడాల్సినంత తరచుగా జరగదులెండి. గ్రేవ్స్ ఉన్న, లేదా ఒకప్పుడు ఉన్న తల్లులకి పుట్టే ప్రతి వంద మంది పిల్లల్లో ఒకరి నుంచి అయిదుగురికి వస్తుంది. ముందే తెలిస్తే చక్కగా నయమవుతుంది. తెలియకపోతే మాత్రం బిడ్డ గుండె మీద భారం పడి ప్రాణం మీదికి రావచ్చు.

1. మీది ఏ థైరాయిడో తేల్చుకోండి

మనం "థైరాయిడ్ ఉంది" అన్న ఒక్క మాటతో రెండు వ్యతిరేకమైన జబ్బుల్ని చెప్పేస్తాం. అందుకే ఈ నాలుగు ప్రశ్నలు మీకు మీరే వేసుకోండి, గుర్తులేకపోతే అమ్మనో నాన్ననో అడగండి.

ఎప్పుడైనా థైరాయిడ్‌ని తగ్గించే నియోమెర్కజోల్ లాంటి కార్బిమజోల్ మాత్రలు వాడారా? ఎప్పుడైనా రేడియో అయోడిన్ గుళికో ద్రవమో మింగించి, కొన్నాళ్లు పసిపిల్లలకీ గర్భిణులకీ దూరంగా ఉండమన్నారా? గొంతు దగ్గర ఆపరేషన్ అయిందా, అదీ గడ్డ కోసం కాక, థైరాయిడ్ ఎక్కువైనందుకా? ఇంతకుముందు పుట్టిన బిడ్డకి ఈ సమస్య వచ్చిందా?

ఒక్కదానికి "అవును" అన్నా కింద చెప్పేవన్నీ మీ కోసమే. మొదటి నుంచీ థైరాయిడ్ తక్కువే, బరువు పెరగడం, నీరసం, థైరాక్సిన్ మాత్ర, ఇంతకుమించి చరిత్ర లేదంటే చాలావరకు మీకు ఈ బెంగ అక్కర్లేదు. మీ మాత్ర మీరు వేసుకుంటూ, చెప్పినప్పుడల్లా టీఎస్‌హెచ్ చూపించుకుంటే సరిపోతుంది. (టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పని చేయమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్. థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది.)

ఇంకో రెండు రకాలవాళ్లు ఉత్తినే టెన్షన్ పడుతుంటారు. మొదటి మూడు నెలల్లో వాంతులు విపరీతంగా అయి, పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువ వచ్చినవాళ్లు ఒకరు. అది చాలామందిలో గర్భం హార్మోన్ వల్ల వచ్చే తాత్కాలిక మార్పు, బిడ్డ థైరాయిడ్ జోలికి రాదు. ఇంకొకరు, ఒకప్పుడు గ్రేవ్స్ వచ్చి, మాత్రలతోనే తగ్గి, ఇప్పుడు ఏ మందూ లేకుండా నార్మల్‌గా ఉన్నవాళ్లు. వీళ్ల ఒంట్లో యాంటీబాడీ జోరుగా ఉంటే ముందు వాళ్ల గ్రంథే గోల చేస్తుంది. అది నిమ్మళంగా ఉందంటే బిడ్డకీ ప్రమాదం చాలా తక్కువ. అయినా ఆ పాత సంగతి డాక్టరుకి చెప్పండి, తేల్చాల్సింది ఆవిడ.

2. ఫైలు మొదటి పేజీ మీద ఒక వాక్యం రాయండి

ఇది అన్నింటికంటే తేలికైన పని. మా ఇంట్లో జరగనిది కూడా ఇదే.

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. ఆరేడు నెలలు ఒక ఊళ్లో చూపించుకుని, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఇంకో ఊరు వస్తాం. మా చెల్లెలు హైదరాబాద్ నుంచి తెనాలి వచ్చేటప్పుడు స్కానింగులు తెచ్చుకుంది, రక్త పరీక్షలు తెచ్చుకుంది. అయిదేళ్ల కిందటి రేడియో అయోడిన్ కాగితాలు మాత్రం అత్తగారింట్లో బీరువా పైన, పెళ్లి ఆల్బమ్ కింద ఉండిపోయాయి. పెళ్లికి ముందు వచ్చిన జబ్బు సంగతి అత్తవారి ముందు ఎత్తడం ఇష్టంలేక అది వాటిని అక్కడ పెట్టిందని తర్వాత తెలిసింది. ఇలా దాచుకునేవాళ్లు చాలామంది ఉంటారు, తప్పుపట్టలేం. డాక్టరుకి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పినా చాలు.

పాత కాగితాలు దొరికినా దొరక్కపోయినా, ఫైలు మొదటి పేజీ మీదా, తల్లీబిడ్డల రక్షణ కార్డు మీదా ఇలా పెద్ద అక్షరాలతో రాయించండి:

"ఫలానా సంవత్సరంలో గ్రేవ్స్ జబ్బు. ఫలానా సంవత్సరంలో రేడియో అయోడిన్ ఇచ్చారు (లేదా ఆపరేషన్ చేశారు). ఇప్పుడు థైరాక్సిన్ వాడుతున్నారు. ట్రాబ్ చూడాలి. పుట్టిన బిడ్డకి థైరాయిడ్ పరీక్ష చేయాలి."

ట్రాబ్ అంటే పైన చెప్పిన యాంటీబాడీని కొలిచే పరీక్ష, దాని సంగతి కింద చెప్తాను. సంవత్సరం గుర్తులేకపోతే "పెళ్లికి రెండేళ్ల ముందు" అని రాసినా ఫర్వాలేదు.

3. ట్రాబ్ పరీక్ష అడగండి

టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ అనే పరీక్షనే పొట్టిగా ట్రాబ్ అంటారు. బిడ్డకి ప్రమాదం ఉందో లేదో చెప్పేది ఇది. మీ టీఎస్‌హెచ్ చెప్పదు. టీఎస్‌హెచ్ నార్మల్ అంటే మీరు వేసుకునే మాత్ర మీకు సరిపోతోందని మాత్రమే అర్థం.

ల్యాబ్‌లో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. "థైరాయిడ్ యాంటీబాడీ" అని చెప్తే యాంటీ టీపీఓ చేసేస్తారు. అది వేరే పరీక్ష, ఈ పనికి ఉపయోగపడదు. చీటీ మీద "టీఎస్‌హెచ్ రిసెప్టర్" అన్న మాట ఉందో లేదో చూసి, డబ్బు కట్టేముందు కౌంటర్లో మళ్లీ అడగండి. చిన్న ఊళ్లలో శాంపిల్ తీసి నగరానికి పంపిస్తారు, రిపోర్టుకి కొన్ని రోజులు పడుతుంది. అది లెక్కలో పెట్టుకుని ముందే ఇవ్వండి.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. పెద్ద మోతాదు బయోటిన్ కొన్ని యంత్రాల మీద థైరాయిడ్ లెక్కల్ని తారుమారు చేసి, గ్రేవ్స్ లేనివాళ్లకి కూడా ఉన్నట్టు చూపిస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపి రక్తం ఇవ్వమంటారు.

ఎప్పుడు చేయించాలంటే, గర్భం అని తేలగానే మొదటి చూపుకే ఒకసారి. ఎక్కువ వస్తే 18 నుంచి 22 వారాల మధ్య మళ్లీ. అప్పుడూ ఎక్కువే ఉంటే 30 నుంచి 34 వారాల మధ్య మూడోసారి. అంకె ఎంతైతే జాగ్రత్తపడాలి? ల్యాబ్ ఇచ్చిన పై హద్దుకి మూడు రెట్లు దాటితే బిడ్డ మీద గట్టి నిఘా మొదలవుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో పై హద్దు 1.75 కాబట్టి, 5 దాటిందంటే ఆ గీత దాటినట్టే. మీ రిపోర్టులో హద్దు వేరేగా ఉంటే దాన్నే మూడుతో గుణించుకోండి.

ఆపరేషన్ అయినవాళ్లలో ఈ అంకె క్రమంగా తగ్గుతూ వస్తుంది. రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్లలో మొదట పెరిగి, తర్వాత ఏళ్ల తరబడి దిగకపోవచ్చు. "ఎప్పుడో అయిపోయిందిలే" అనుకోవద్దనేది అందుకే.

4. ఇప్పుడు కార్బిమజోల్ వాడుతుంటే

గర్భం కోసం ప్రయత్నించేటప్పుడే డాక్టరుకి చెప్పడం మేలు. ముందు చెప్పలేదు, ఇంట్లో కిట్ మీద రెండు గీతలు వచ్చాయంటే, అపాయింట్‌మెంట్ కోసం రెండు వారాలు ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి. కార్బిమజోల్ వల్ల బిడ్డ నెత్తి చర్మం, ముక్కు రంధ్రాలు, అన్నవాహిక లాంటివాటిలో లోపాలు వచ్చే ప్రమాదం 6 నుంచి 10 వారాల మధ్యే ఎక్కువ. అందుకని మొదటి నెలల్లో డాక్టర్లు మందు అవసరమైతే పీటీయూ అనే ఇంకో థైరాయిడ్ తగ్గించే మందుకి మారుస్తారు. జబ్బు బాగా అదుపులో ఉంటే కొందరికి పూర్తిగా ఆపి చూస్తారు. పీటీయూ కూడా ఊరికే వాడే మందు కాదు, అరుదుగా లివర్‌ని దెబ్బతీస్తుంది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే చెప్పాలి.

మీ అంతట మీరు ఆపొద్దు. అదుపు తప్పిన థైరాయిడ్ వల్ల గర్భం పోవడం, నెలలు నిండకుండా కాన్పు, బీపీ, ఇవన్నీ మందు వల్ల వచ్చే చెడుకంటే పెద్దవి.

గర్భంలో మాత్ర వీలైనంత తక్కువ మోతాదులో ఇస్తారు. తల్లి ఎఫ్‌టీ4ని నార్మల్ పై అంచు దగ్గర ఉంచడమే లక్ష్యం. (ఎఫ్‌టీ4 అంటే రక్తంలో తిరిగే థైరాయిడ్ హార్మోన్ లెక్క.) "ఇంకా కాస్త ఎక్కువే ఉంది కదా, డోసు పెంచరేం?" అని మా పక్కింటావిడ డాక్టరు మీద కోప్పడి వచ్చింది. పెంచితే తల్లి నంబరు అందంగా కనిపిస్తుంది కానీ, ఆ మందు మాయ దాటి బిడ్డ గ్రంథిని అణిచేస్తుంది. అప్పుడు బిడ్డకి వచ్చేది హైపో.

5. ఇరవయ్యో వారం నుంచి స్కానింగులు తప్పించుకోకండి

బిడ్డ థైరాయిడ్ పది, పన్నెండు వారాలకే పని మొదలుపెడుతుంది. కానీ ఈ యాంటీబాడీకి స్పందించే స్థితికి వచ్చేది ఇరవయ్యో వారం ప్రాంతంలో. కాబట్టి ట్రాబ్ ఎక్కువ ఉన్నవాళ్లకి అక్కడి నుంచి స్కానింగులు దగ్గర దగ్గరగా చేస్తారు. సాధారణంగా నెలకోసారి, అనుమానం ఉంటే ఇంకా ముందే.

స్కానింగ్ చేసేవాళ్లకి మీ కథ తెలియాలి. లేకపోతే వాళ్లు అందరికీ చూసినట్టే చూసి పంపేస్తారు. బెడ్ మీద పడుకునేముందే "నాకు ట్రాబ్ ఎక్కువ ఉందండీ, బిడ్డ గొంతు దగ్గర కూడా చూస్తారా" అని అడగండి. వాళ్లు చూడాల్సినవి: గుండె వేగం, గొంతు దగ్గర వాపు, బిడ్డ ఎదుగుదల, ఎముకలు వయసుకి మించి ముదిరాయా అన్నది, ఉమ్మనీరు, ఒంట్లో ఎక్కడైనా నీరు చేరిందా అన్నది.

కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. కదిలినప్పుడు కాసేపు పెరగడం మామూలే. 160, 170 దాటి అలాగే నిలబడితే అది మామూలు కాదు. మా చెల్లెలికి ఎనిమిదో నెలలో 174 అని వచ్చింది. "ఎండన పడి వచ్చావు, నీళ్లు తాగి కూర్చో" అన్నారు. కూర్చుంది. మళ్లీ పెడితే 171. కాగితం మీద రెండు అంకెలూ ఇప్పటికీ ఉన్నాయి. థైరాయిడ్ పాత కథ తెలియకపోతే ఎవరైనా ఎండనే అంటారు, నేను వాళ్లని పూర్తిగా తప్పుపట్టను. పూర్తిగా.

బిడ్డకి థైరాయిడ్ ఎక్కువైందని తేలితే చికిత్స తల్లి నోటి ద్వారానే. తల్లికి కార్బిమజోల్ ఇస్తే అది మాయ దాటి బిడ్డ గ్రంథిని నెమ్మదింపజేస్తుంది. తల్లికి గ్రంథి లేకపోతే తన థైరాక్సిన్ మాత్ర తను మామూలుగా వేసుకుంటూనే ఉంటుంది. ఆ మాత్ర బిడ్డకి చాలా కొద్దిగానే చేరుతుంది కాబట్టి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. "హైపోకి మందు, హైపర్‌కి మందు రెండూ ఒకేసారా?" అని మందుల షాపులో ఆశ్చర్యపోయినా, ఆ ఇద్దరూ వేర్వేరు పేషెంట్లు అని గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తల్లి కార్బిమజోల్ వాడుతుండగా బిడ్డ గొంతు వాచిందంటే, యాంటీబాడీ వల్ల ఎక్కువైందా, మందు ఎక్కువై బిడ్డకి తక్కువైందా అన్నది వెంటనే తేలదు. గుండె వేగం, ఎముకల తీరు, తల్లి ట్రాబ్ అంకె కలిపి చూసి నిర్ణయిస్తారు. ఇది ఇలాంటి కేసులు చూసిన గర్భస్థ శిశువుల నిపుణులు, హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) కూర్చుని తేల్చాల్సిన పని. పంపిస్తామంటే దూరమైనా వెళ్లండి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఉచితంగా పరీక్షలు చేస్తారు. ప్రమాదం ఉన్న గర్భాలని గుర్తించి పెద్ద ఆసుపత్రికి పంపడమే ఆ రోజు ఉద్దేశం. పైన చెప్పిన వాక్యం చూపించడానికి అది మంచి రోజు.

6. కాన్పు ఎక్కడో ముందే నిర్ణయించుకోండి

ట్రాబ్ ఎక్కువ ఉంటే, పుట్టింటి ఊరు, సెంటిమెంటు కాసేపు పక్కన పెట్టండి. నవజాత శిశువుల ఐసీయూ, కనీసం ప్రభుత్వ ఎస్ఎన్‌సీయూ (జబ్బు చేసిన నవజాత శిశువుల వార్డు) ఉన్నచోట కాన్పు కావాలి. ఈ పిల్లలు నెలలు నిండకుండా పుట్టే అవకాశం కూడా ఉంది కాబట్టి ఏడో నెల దాటకముందే చోటు చూసుకోండి.

ఆ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ని కాన్పుకి ముందే ఒకసారి కలవండి. రెండు విషయాలు అడగండి: బొడ్డుతాడు రక్తంలో ట్రాబ్ చూడగలరా, బిడ్డకి ఏ రోజుల్లో ఎఫ్‌టీ4, టీఎస్‌హెచ్ చేస్తారు. బొడ్డుతాడు రక్తం కాన్పు గదిలోనే తీయాలి, తర్వాత దొరకదు. అందుకే ముందు చెప్పడం.

గర్భంలో ట్రాబ్ పరీక్ష అసలు చేయించలేదా? అయితే ప్రమాదం ఉన్నట్టే లెక్కగట్టి, కింద చెప్పిన రోజుల ప్రకారం బిడ్డకి పరీక్షలు చేయించండి.

7. పుట్టాక మొదటి రెండు వారాలు

పుట్టిన రోజు బిడ్డ బాగుందంటే గండం గడిచినట్టు కాదు. తల్లి కార్బిమజోలో పీటీయూనో వాడుతుంటే ఆ మందు బిడ్డ ఒంట్లోనూ ఉంటుంది, కొన్ని రోజులు కాపు కాస్తుంది. అది దిగిపోయాక యాంటీబాడీ ఒక్కటే మిగులుతుంది. యాంటీబాడీ సగానికి తగ్గడానికే దాదాపు మూడు వారాలు పడుతుంది. అందుకే చాలామంది పిల్లల్లో లక్షణాలు డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక, మొదటి రెండు వారాల్లో బయటపడతాయి. మా పాపలాగా తల్లికి గ్రంథే లేక, మందూ లేకపోతే పుట్టేటప్పటికే మొదలై ఉంటుంది.

పరీక్షల తేదీలు క్యాలెండర్ మీద రాసుకోండి. 3 నుంచి 5 రోజుల మధ్య ఒకసారి ఎఫ్‌టీ4, టీఎస్‌హెచ్. 10 నుంచి 14 రోజుల మధ్య రెండోసారి. నెల నిండాక మళ్లీ డాక్టరుకి చూపించడం.

రెండో పరీక్ష సరిగ్గా పురిటి రోజుల్లో పడుతుంది. "పదకొండో రోజు స్నానం కాకుండా పచ్చి బాలింత గడప దాటకూడదు" అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. మా అమ్మ కూడా పడింది. వాదించకండి, ల్యాబ్ మనిషిని ఇంటికి పిలిపించండి, లేదా నాన్నో అమ్మమ్మో బిడ్డని తీసుకెళ్లొచ్చు. రక్తం ఇవ్వాల్సింది బిడ్డే.

రిపోర్టు చూసి కంగారుపడొద్దు, సంబరపడొద్దు. మొదటి రోజుల్లో ఏ బిడ్డకైనా ఈ హార్మోన్లు పెద్దవాళ్లకంటే ఎక్కువ ఉంటాయి. ల్యాబ్ కాగితం మీద పెద్దవాళ్ల హద్దులే అచ్చువేసి ఉంటే ఆ గుర్తులు చూసి ఏమీ తేల్చలేం. బిడ్డ వయసు రోజుల్లో లెక్కగట్టి పిల్లల డాక్టరే చదవాలి.

ఇంకో మాట. పుట్టిన పిల్లలకి మడమ గుచ్చి చేసే స్క్రీనింగ్ ఉంటుంది కదా, అది థైరాయిడ్ తక్కువ ఉన్న పిల్లల్ని పట్టుకోవడానికి. టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చినవాళ్లనే ఎత్తిచూపుతుంది. మన సమస్యలో టీఎస్‌హెచ్ అడుగంటి ఉంటుంది, అది ఆ వలలో పడదు. "స్క్రీనింగ్ నార్మల్ వచ్చింది" అంటే ఈ విషయంలో ఏమీ చెప్పనట్టే.

ఇంట్లో చూడాల్సినవి ఇవి. వీటిలో చాలావాటికి మన ఇళ్లలో వేరే పేర్లు ఉంటాయి, అదే ఇబ్బంది.

పాలు గబగబా తాగుతుంది, గంట కాకుండానే మళ్లీ ఏడుస్తుంది, అయినా ఒళ్లు చేయదు. "పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టండి" అంటారు. మామూలు బిడ్డ మొదటి రోజుల్లో తగ్గిన బరువుని రెండు వారాల్లోపు మళ్లీ అందుకుని, తర్వాత రోజుకి 20, 30 గ్రాములు పెరుగుతుంది. ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి, ఆమె దగ్గర తూకం ఉంటుంది. ప్రతిసారీ ఒకే తూకం మీద, బట్టలు లేకుండా తూయించి, అంకె రాయించుకోండి.

ఒళ్లు వెచ్చగా, తలగడ తడిసేలా చెమట. "వేడి చేసింది" అంటారు. పసిబిడ్డకి ఫ్యాను కింద పడుకుని చెమట పట్టడం మామూలు సంగతి కాదు. మా పాప జుబ్బా ఆరో రోజు రాత్రి మూడుసార్లు మార్చాం.

నిద్ర పట్టదు, చిన్న శబ్దానికి ఉలిక్కిపడుతుంది, చేతులు సన్నగా వణుకుతాయి, కళ్లు రెప్పవేయనట్టు తెరుచుకుని ఉంటాయి. "దిష్టి తగిలింది" అంటారు. తీయండి, ఉప్పు దిష్టి వల్ల నష్టం లేదు. తీశాక ఆసుపత్రికి బయల్దేరండి. వస, గ్రైప్ వాటర్, నాటు మందులు మాత్రం వద్దు.

వీటితోపాటు పలచటి విరేచనాలు, గొంతు ముందు వాపు, తగ్గని పసరికలు, నడినెత్తి మాడు మరీ చిన్నగా ఉండడం కూడా చెప్పాల్సిన విషయాలే.

గుండె వేగం మీరే లెక్కపెట్టొచ్చు. బిడ్డ పాలు తాగి నిద్రపోయాక, ఎడమ చనుమొన కింద రెండు వేళ్లు ఆనించండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు, తప్పు వస్తుంది. పైకి గట్టిగా లెక్కపెడితే తడబడతారు, పదికోసారి వేలు మడవండి. నిద్రలో ఉన్న పసిబిడ్డకి 160 దాటితే పావుగంట ఆగి మళ్లీ చూడండి. మళ్లీ అంతే ఉంటే ఆ రోజే డాక్టర్. ఏడుస్తున్నప్పుడు వచ్చిన అంకెకి విలువలేదు.

ఊపిరి నిమిషానికి 60 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, గొంతు వాపుతో ఊపిరి గురకలా వస్తున్నా, పాలు తాగడం మానేసినా, పెదాలు నీలంగా మారినా, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, పిల్లల ఐసీయూ ఉన్నచోటికి వెళ్లండి. చేరగానే నోట రావాల్సిన మొదటి మాట: "తల్లికి గ్రేవ్స్ ఉండేది." మా పాపని చూసిన డ్యూటీ డాక్టరు పాపకంటే ముందు మా చెల్లెలి కళ్లవైపు చూసి, "అమ్మా, నీకెప్పుడైనా రేడియో అయోడిన్ ఇచ్చారా?" అని అడిగింది. "నాకు హైపో కదండీ" అంది మా చెల్లెలు. "దానికి ముందు?" అంది ఆవిడ. అరగంటలో పాప రక్తం పరీక్షకి వెళ్లింది.

8. బిడ్డకి మందు మొదలుపెడితే

ఎక్కువగా ఇచ్చేది మెథిమజోల్ లేదా కార్బిమజోల్, కార్బిమజోల్ ఒంట్లోకి వెళ్లాక మెథిమజోల్‌గానే మారుతుంది. గుండె వేగం తగ్గించడానికి కొన్నాళ్లు ప్రొప్రనలాల్ కూడా. మరీ ఉధృతంగా ఉంటే ఆసుపత్రిలో అయోడిన్ చుక్కలు, స్టెరాయిడ్ ఇస్తారు. లివర్‌కి ముప్పు ఉన్నందున పీటీయూ పిల్లలకి మామూలుగా ఇవ్వరు.

డోసు బరువుని బట్టి లెక్క కడతారు, బిడ్డ బరువు వారంవారం మారుతుంది. పాత చీటీతో మందు కొనసాగించొద్దు. మాత్ర నూరి నీళ్లలో కలిపి కొంత భాగం పట్టించమంటే, ఎన్ని నీళ్లు, సిరంజిలో ఏ గీత వరకు అన్నది నర్సు ముందు మీరు ఒకసారి చేసి చూపించి, ఆ తర్వాతే ఇంటికి రండి. ఉగ్గు గిన్నె కొలత మందుకి పనికిరాదు.

ప్రొప్రనలాల్ పడుతున్నప్పుడు బిడ్డకి షుగర్ పడిపోవచ్చు. రాత్రి కూడా రెండుమూడు గంటలకోసారి లేపి పాలివ్వండి. ఒళ్లు చల్లబడి, మత్తుగా పడుకుని లేవకపోతే తర్వాతి డోసు ఇవ్వకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. మెథిమజోల్ వల్ల అరుదుగా తెల్ల కణాలు పడిపోతాయి. జ్వరం వస్తే ఇంట్లో ఉన్న చుక్కలు వేసి సర్దుకోకండి, రక్తం చూడాలి.

తల్లిపాలు ఆపొద్దు. థైరాక్సిన్ మాత్ర వల్ల పాలకి ఏమీ కాదు. తల్లి కార్బిమజోల్ వాడుతున్నా రోజుకి 20 మిల్లీగ్రాముల వరకు పాలివ్వొచ్చు. పాలిచ్చిన వెంటనే మాత్ర వేసుకోవడం మంచి పద్ధతి. రేడియో అయోడిన్ మాత్రం పాలిచ్చే తల్లికి పనికిరాదు.

ఇది ఎన్నాళ్లు? అమ్మ ఇచ్చిన యాంటీబాడీ అరిగిపోయేదాకా. చాలామందికి ఒకటి నుంచి మూడు నెలలు, కొందరికి ఆరు నెలల దాకా. వారం, రెండు వారాలకోసారి రక్తం చూస్తూ డోసు తగ్గిస్తారు. మా పాపకి పదకొండు వారాలు పట్టింది. ఆరు నెలలు దాటినా దిగలేదంటే, లేక తల్లికి ట్రాబ్ అసలు లేదంటే, బిడ్డ జన్యువులోనే తేడా ఉండొచ్చు. అది చాలా అరుదు, దారి వేరు.

మందు ఆపాక ఇంకో సంగతి చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. కడుపులో నెలల తరబడి హార్మోన్ ఎక్కువగా ఉండడంతో బిడ్డ పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ పంపడం మానేసి నిద్రపోతుంది. తర్వాత అవసరమైనప్పుడు లేవదు. అప్పుడు ఎఫ్‌టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ కూడా తక్కువ లేదా నార్మల్. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకే రెండూ చేయించండి. తక్కువైతే కొన్నాళ్లు థైరాక్సిన్ ఇస్తారు. తల చుట్టుకొలత కూడా ప్రతి చూపుకీ రాయించండి. హార్మోన్ ఎక్కువైన పిల్లల్లో పుర్రె అతుకులు త్వరగా కలిసిపోయే వీలుంది.

9. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే

రేడియో అయోడిన్ తీసుకున్నాక కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఇంకా చికిత్స ఎంచుకునే దశలోనే ఉండి, ట్రాబ్ బాగా ఎక్కువగా ఉండి, త్వరలో పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆపరేషన్ గురించి కూడా అడగాలి. అందులో యాంటీబాడీ త్వరగా దిగుతుంది. మొదటి బిడ్డకి వచ్చిందంటే రెండోసారి ట్రాబ్ మొదటి నెలలోనే చూడాల్సిందే.

మా చెల్లెలు రెండో కాన్పుకి ఫైలు కొనగానే, ఇంకా ఒక్క కాగితం కూడా పెట్టకముందే, అట్ట మీద ఎర్ర పెన్నుతో తనే రాసుకుంది. అప్పుడు ట్రాబ్ 3.1 వచ్చింది. స్కానింగుల్లో గుండె 140 దగ్గరే ఉంది. బాబుకి నాలుగో రోజు, పన్నెండో రోజు రక్తం తీశారు. పన్నెండో రోజు ల్యాబ్ కుర్రాడు ఇంటికొస్తే, మా అమ్మే బాబుని ఒళ్లో పెట్టుకుని కాలు పట్టుకుంది. రెండుసార్లూ నార్మల్.